బొగ్గుబాయి పాఠకుడు ఏ పుస్తకాన్ని ప్రేమిస్తాడు?

మన విమర్శకులకు ఒక అలవాటుంది. ఫలానా నవల పాఠకులకు ఎందుకు నచ్చిందన్న ప్రశ్న మనమే వేసి, అది వారి జీవితాన్ని ప్రతిబింబించింది గనుక అన్న జవాబు కూడా మనమే చెప్పేస్తాం. పాఠకుడేమన్నాడో వినం. ఈ లెక్కన గోదావరిఖనిలో కార్మికుడికి అన్నిటికన్నా ఇష్టమైన పుస్తకం బొగ్గుగని నవల కావాలి. కానీ నేను కదిపిన పాత కార్మికుల్లో, వారి ఇళ్లలోని ఆడవాళ్లలో ఎక్కువమంది ముందుగా చెప్పిన పేరు గోర్కీ 'అమ్మ'.

అందులో బొగ్గు లేదు. ఒక రష్యన్ ఫ్యాక్టరీ పేట, మంచు, సమోవారు, నోరు తిరగని పేర్లు. 1902లో సొర్మోవోలో జరిగిన మేడే ప్రదర్శనను ఆధారం చేసుకుని గోర్కీ 1906లో రాసిన నవల అది. క్రొవ్విడి లింగరాజు దాన్ని తెలుగు చేశాడు. మరి గోదావరి ఒడ్డున బొగ్గు తవ్వేవాడు అందులో ఏం చూసుకున్నాడు?

ఉద్యమంలోకి నడిచిన పావెల్‌ను చూసుకున్నాడని మనం అంటాం. రిటైరైన ఒక కోల్ ఫిల్లరు నాతో అన్నది వేరు. "పావెల్ సంగతి తర్వాత సారూ. ముందు ఆ తండ్రి ఉన్నడు సూడు, వాడు నేనే. జీతాల నాడు తాగొచ్చి ఇంట్లె లొల్లి వెట్టింది నేనే. వాడు సచ్చిపోయిండు, నేను బతికిన. గంతే ఫరకు."

మిహయిల్ వ్లాసోవ్ నవలలో కొద్ది పేజీలకే చనిపోతాడు. పెళ్లాన్ని కొట్టేవాడు, ఎవరితోనూ కలవనివాడు, యంత్రం పీల్చేసిన శక్తిలో మిగిలినదాన్ని తాగుడులో పోసినవాడు. గోర్కీ అతన్ని సమర్థించలేదు, అసహ్యించుకోనూ లేదు. ఆ బతుకు అలా ఎందుకైందో చూపించి ముందుకు సాగాడు. పుస్తకంపై మా కోల్ ఫిల్లరు ప్రేమ సిగ్గుతో మొదలైంది. తన అధ్వాన్నపు ముఖాన్ని చూసుకున్నాకనే అతను పావెల్ వెంట నడవగలిగాడు. మన కథల్లో కార్మికుడు మొదటి పేరా నుంచే నిష్కళంకుడు. తప్పంతా దొరది, కంపెనీది, సారా కాంట్రాక్టరుది. ఇది వర్గ దృక్పథమని మనం భ్రమపడుతున్నాం. పాఠకుడు మాత్రం ఆ కార్మికుణ్ణి గుర్తుపట్టక పుస్తకం మూసేస్తాడు.

ఆడవాళ్ల ఇష్టానికి కారణం ఇంకొకటి. నీలొవ్నా నలభై ఏళ్లకు అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చుంటుంది. అంద్రేయ్ నేర్పుతుంటే సిగ్గుపడుతుంది, ఏడుస్తుంది. క్వార్టర్లలో ఒకామె ఈ ఘట్టాన్ని నాకు పేజీ చూడకుండా చెప్పింది. ఆమె కూడా బడికి పోయే బిడ్డ పలక మీద అక్షరాలు దిద్దినామె. తరువాత నీలొవ్నా అన్నం అమ్మే మనిషిగా ఫ్యాక్టరీలోకి కరపత్రాలు చేరవేస్తుంది. రోజూ షిఫ్టుకు టిఫిను డబ్బా కట్టే మనిషికి ఈ సాహసం ఎంత దగ్గరిదో వేరే చెప్పాలా?

పైగా ఈ పుస్తకాన్ని చాలామంది చదవలేదు, విన్నారు. రెండో షిఫ్టు దిగి వచ్చాక గదిలో చదువొచ్చినవాడు చదివేవాడు, మిగతావాళ్లు ఆపి అడిగేవాళ్లు, తగాదా పడేవాళ్లు. అలా పదిమంది నోళ్లలో నానిన పుస్తకం మీది ప్రేమ, ఒంటరిగా మేడ మీద చదువుకున్నవాడి ప్రేమ లాంటిది కాదు.

తెలుగు నవలల్లో వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి'ని, అల్లం రాజయ్య 'కొలిమంటుకున్నది'ని (1979) తలుచుకునేవాళ్లున్నారు. అవి పల్లె నవలలు కదా అని ఆశ్చర్యపోనక్కర్లేదు. బాయి పనికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఊళ్లలో భూమి లేకనో, దొర పీడ భరించలేకనో వచ్చినవాళ్లే. రాజయ్య ఇప్పటి పెద్దపల్లి జిల్లాలోని మంథని ప్రాంతంవాడు. ఆ భాష వాళ్ల ఇంటి భాష.

అయితే గని నవల వాళ్లకు పట్టలేదనుకోవద్దు. జోలా 'జెర్మినల్' (1885) కథను నేనొకసారి నలుగురు పాత కార్మికులకు చెప్పాను. ప్రేమకథ దగ్గర వాళ్లు బీడీలు వెలిగించారు. సమ్మె ఎందుకు మొదలైందో చెప్పినప్పుడు మాత్రం దగ్గరికి జరిగారు. ఆ నవలలో కార్మికులకు టబ్బుల లెక్కన కూలి. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పనికి వేరే కూలి లేదు గనుక, ఆ పనికి పోయే సమయం కూలికి నష్టం. అందుకే దుంగలు సరిగా పెట్టరు, కప్పు కూలుతుంది. కంపెనీ జరిమానాలు వేస్తుంది. చివరికి దుంగల పనికి వేరే కూలి ఇస్తామంటూ టబ్బు రేటు తగ్గిస్తుంది. మొత్తం మీద కూలి పడిపోతుంది. సమ్మె అక్కడ పుట్టింది. మా కోల్ ఫిల్లర్లదీ ఒకప్పుడు టబ్బుల కూలే. "గాయన బాయిల దిగిండా?" అని అడిగాడొకడు. దిగాడు. 1884లో ఆంజాఁ గనుల్లో సమ్మె జరుగుతుండగా జోలా అక్కడికి వెళ్లి, గనిలోకి దిగి చూశాడు. ఆ లెక్క తప్పయి ఉంటే ఈ నలుగురూ మిగతా కథను నమ్మేవాళ్లు కాదు. వాళ్ల దృష్టిలో శిల్పమంటే మొదట ఇదే.

తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పి. చంద్ సింగరేణి జీవితాన్ని లోపలి నుంచి రాయగలిగారంటే అందుకు ఇలాంటి లెక్కలు తెలిసి ఉండటమే కారణం. కానీ వారు చూసిన బాయి ఇప్పుడు చాలావరకు లేదు. తట్టా చెమ్మాస్ పోయి యంత్రాలు వచ్చాయి, ఓపెన్‌కాస్టులు పెరిగాయి. 1990 ప్రాంతంలో లక్ష దాటిన పర్మినెంటు కార్మికులు నలభై వేల దగ్గరికి దిగారు. బొగ్గు మీది మట్టిని తీసే పని కాంట్రాక్టులకు పోయింది. ఆ మట్టి లారీ తోలే ఒక కుర్రవాణ్ణి నీకిష్టమైన పుస్తకమేదని అడిగాను. పదో తరగతి తెలుగు వాచకం తరువాత ఏదీ చదవలేదన్నాడు. మా గురించి రాసిందేదన్నా ఉందా అని తిరిగి అడిగాడు. ఒకటి రెండు కథల పేర్లు చెప్పాను. కథలో డ్రైవరుకు ట్రిప్పుకెంత ఇస్తారని రాశారు అన్నాడు. ఆ కథల్లో ఆ అంకె లేదు.