నలుగురు కూర్చుంటే ఒక బొంత
సూది పట్టడం తెలియనివారు కలిసి చేయదగిన రెండు సులభమైన కుట్టుపనులు

స్టీలు సామానుల వ్యాపారి వీధిలోకి వస్తే, పెట్టెలో ఉన్న పాత నూలుచీరలు ఒక గిన్నెకో పళ్ళానికో మారకమైపోతాయి. ఒకప్పుడు ఆ చీరలే బొంతలయ్యేవి. తెలుగువారు బొంత అనేదానినే ఉత్తర కర్ణాటకలో కౌదీ అని, మహారాష్ట్రలో గోధడి అని అంటారు. పేరు ఏదైనా పని ఒక్కటే: వాడి వాడి మెత్తబడిన నూలుబట్టను పొరలుగా పేర్చి కుట్లతో ఒక్కటి చేయడం. పాలియెస్టర్ చీరలు పెరిగినకొద్దీ బొంతకు పనికివచ్చే బట్ట ఇళ్ళలో తరిగిపోతున్నది. దానిని కుట్టడం తెలిసినవారు వృద్ధులవుతున్నారు. బట్ట, పనితనం రెండూ ఇంట్లో ఉండగానే నేర్చుకోవడం మేలు.

ఇందుకు కుట్టుమిషను అక్కరలేదు. నలుగురు మనుషులు, నాలుగు సూదులు, గట్టి నూలుదారం, ఒక కత్తెర, సుద్దముక్క ఉంటే చాలు. సూది ఎన్నడూ పట్టనివారు ముందుగా ఒక సంచి, ఆ తరువాత ఒక బొంత కుట్టడం మంచి క్రమం.

కొలత ఒక్కరిదే కావాలి

టేపు లేకపోయినా మన కొలతలు ఉన్నవి. నాలుగు వేళ్ళ వెడల్పు బెత్తెడు, చాచిన అరచేయి జానెడు, మోచేతినుండి వేళ్ళ కొన వరకు మూరెడు. మూర సుమారు 45 సెంటీమీటర్లు, జాన అందులో సగం. అయితే అందరి చేతులూ ఒకే పొడవు ఉండవు. ఒకరి మూరతో కొలిచిన ముక్క మరొకరి మూరతో కొలిచిన ముక్కకు అతకదు. కనుక గుంపులో ఒకరి మూరను తాడుపై ముడివేసి గుర్తుపెట్టి, అందరూ ఆ తాడుతోనే కొలవాలి. కొత్తవారి పని చెడడానికి తరచుగా కుట్టుకంటె కొలతే కారణమవుతుంది.

మొదటి పని: సంచి

దేశమంతటా 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రాన్లకంటె పలుచని ప్లాస్టిక్ సంచులపై నిషేధం ఉన్నది. తమిళనాడు ప్రభుత్వం 2021 డిసెంబరులో ‘మీండుం మంజప్పై’, అనగా ‘మళ్ళీ పసుపు సంచి’ అనే పేరుతో గుడ్డసంచుల ప్రచారం ప్రారంభించింది. కాబట్టి నేర్చుకొనేవారి చేతి సంచి కూడా సంతకు పనికివస్తుంది.

రెండు మూరల పొడవు, ఒక మూర వెడల్పు గల గట్టి నూలుబట్ట తీసుకోవాలి. కొత్తబట్ట అయితే ఒక రాత్రి నీటిలో నానబెట్టి ఆరవేయాలి. లేకుంటే కుట్టిన తరువాత ముడుచుకొనిపోతుంది. పొడవును సగానికి మడిచి, బట్ట తిరగ భాగం పైకి ఉండగా రెండు పక్కలూ కుట్టాలి. బరువు మోసే కుట్టు కనుక ఇక్కడ వెనుక కుట్టు వేయాలి: సూది ముందుకు వచ్చిన ప్రతిసారి ఒక కుట్టు వెనుకకు వెళ్ళి మళ్ళీ ముందుకు రావాలి. పైఅంచును రెండుసార్లు లోపలికి మడిచి కుట్టాలి. పిడులకు మూరెడుకు పైగా పొడవు, బెత్తెడుకు పైగా వెడల్పు గల రెండు పట్టీలను నాలుగు మడతలు వేసి కుట్టి, అంచుకు అతికించాలి. పిడి అతికిన చోట చతురస్రంగా కుట్టి, మధ్యలో అడ్డంగా రెండు కుట్లు వేస్తే ఊడిరాదు.

మొదటి సంచికి పని పంచుకోవచ్చు: ఒకరు కొలిచి కత్తిరించడం, ఇద్దరు పక్కలు కుట్టడం, ఒకరు పిడులు చేయడం. తరువాతి సంచులకు పనులు మార్చుకోవాలి. అలా నాలుగు సంచులు పూర్తయ్యేసరికి ప్రతి ఒక్కరికీ అన్ని పనులూ వస్తాయి.

రెండవ పని: బొంత

రెండు పాత నూలుచీరలు కావాలి. చీర సుమారు పన్నెండు మూరలు. ఒక చీరను పొడవులో సగానికి మడిచి పరచి, రెండవ చీరను కూడా సగానికి మడిచి దాని లోపల పెట్టాలి. నాలుగు పొరలవుతాయి. చిరిగిన కొసలను కత్తిరించివేయగా అయిదు మూరలు మిగిలినా ఒక మనిషికి సరిపోతుంది. బాగా చిరిగిన చీరను లోపల, రంగు నిలిచినదానిని పైన ఉంచాలి.

చదునైన నేలపై ముడతలు లేకుండా పరచి, మధ్యనుండి అంచులవైపు జానెడుకొక వరుస చొప్పున పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేయాలి. ఈ పని చేయకుండా మొదలుపెడితే లోపలి పొరలు జరిగి గడ్డకడతాయి. తరువాత అంచులు లోపలికి మడిచి, నలుగురూ నాలుగువైపుల కూర్చొని, అంచునుండి మధ్యకు చుట్లు చుట్లుగా మామూలు కుట్టు వేసుకుంటూ రావాలి. ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్ది స్త్రీలు కూడా తమ బొంతలను ఇలాగే అంచునుండి మధ్యకు కుడతారు.

వరుసల మధ్య రెండు వేళ్ళ ఎడం, అనగా సుమారు 3 సెంటీమీటర్లు ఉంచితే, మొత్తం కుట్టు దాదాపు 80 మీటర్లు వస్తుంది. తలకు 20 మీటర్లు. గంటకు మూడు మీటర్లు మాత్రమే సాగినా ఏడు గంటల పని. రోజుకు రెండు గంటలు కూర్చుంటే నాలుగు మధ్యాహ్నాలలో పూర్తవుతుంది. ఒంటరిగా కుట్టేవారికి ఇదే పని పక్షం రోజులు పడుతుంది. చాలామంది మధ్యలో విడిచిపెట్టేది అందుకే.

దారం రెండు మూరలకు మించితే చిక్కుపడుతుంది. ముడిని పొరల మధ్యకు లాగి దాచాలి. చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో, కూర్చొనేముందు, లేచేముందు సూదులు లెక్కపెట్టడం తప్పనిసరి.

చేతితోపాటు మాట

సరిహద్దు గ్రామాలలో ఎందరో పిల్లలు బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో చదువుతారు. వారికి జాన, బెత్తెడు, దబ్బనం, కచ్చా కుట్టు వంటి మాటలు పుస్తకాలలో ఎదురుకావు. బొంత చుట్టూ కూర్చున్న నాయనమ్మ, అమ్మమ్మ, మేనత్త పనిచేస్తూ పలికితేనే అవి వారి చెవిన పడతాయి. కాబట్టి నలుగురిలో ఒకరు పెద్దవారు, ఒకరు బడి పిల్ల ఉండేటట్లు చూసుకోవడం మంచిది.

వరినూర్పిళ్ళకు ముందు, కార్తీక మాసంలో తీరికైన మధ్యాహ్నాలు దొరుకుతాయి. అప్పుడు మొదలుపెట్టిన బొంత సంక్రాంతి చలికి అందుతుంది. మొదటిదానిలో వరుసలు వంకరపోవచ్చు. వెచ్చదనానికి అది అడ్డం కాదు.