వందలో నలుగురు, పన్నెండు మంది

లుకేమియా వచ్చిన 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చిన ఫలితాలను 1948లో అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ప్రకటించారు. 10 మందిలో జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ మేలు ఎక్కువకాలం నిలవలేదు, కానీ రక్త క్యాన్సర్ మందుకు లొంగుతుందని తేలింది. ఆ మందు లెడర్లీ ప్రయోగశాలలో యల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారుచేసింది. ఆయన కొల్లేరుకు తూర్పున ఉన్న భీమవరంలో 1895లో పుట్టారు. ఆ బృందమే తయారుచేసిన మరో మందు మెథోట్రెక్సేట్ ఈనాటికీ పిల్లల లుకేమియా చికిత్సలో ఉంది.

అదే జబ్బుకు ఇప్పుడు బ్లినటుమొమాబ్ తోడైంది. ఇది బైస్పెసిఫిక్ యాంటీబాడీ. మామూలు యాంటీబాడీ రెండు కొసలూ ఒకే గుర్తును పడతాయి. దీని ఒక కొస క్యాన్సర్ బీ కణం మీది సీడీ19 అనే గుర్తును, రెండోది మన టీ కణం మీది సీడీ3ని పట్టి రెంటినీ దగ్గరకు లాగుతుంది. టీ కణం పక్కనున్న క్యాన్సర్ కణాన్ని చంపేస్తుంది. సీడీ19 మంచి బీ కణాల మీదా ఉంటుంది కాబట్టి అవీ పోతాయి, ఇన్ఫెక్షన్ల బెడద పెరుగుతుంది.

2024 డిసెంబరులో ఈ మందు పరీక్షలో పాల్గొన్న 1,440 మంది పిల్లల ఫలితాలు వెలువడ్డాయి. కొత్తగా జబ్బు బయటపడి, తిరగబెట్టే ముప్పు మరీ ఎక్కువ లేనివాళ్ళు వీళ్ళు. మూడేళ్ళకు జబ్బు లేకుండా ఉన్నవారు కీమో ఒక్కటే అందుకున్న పిల్లల్లో 87.9 శాతం, రెండు విడతల బ్లినటుమొమాబ్ కూడా అందుకున్నవారిలో 96 శాతం. ఎనిమిది శాతమేగా అనుకోవద్దు. చికిత్స నిలవనివాళ్ళు వందకు పన్నెండు మంది నుంచి నలుగురికి తగ్గారు. అలా నిలవకపోయేవాళ్ళలో ప్రతి ముగ్గురిలో ఇద్దరు గట్టెక్కినట్టే.

నన్ను కలవరపెట్టే అంకె వేరే ఉంది. శరీరంలో ఈ మందు సుమారు రెండు గంటల్లో సగమైపోతుంది. అందుకే విడతకు 28 రోజులు రాత్రింబవళ్ళు ఆపకుండా ఎక్కించాలి. రెండు విడతలకు 56 రోజులు. మొదటి రోజులు ఆసుపత్రిలో గడిచాక చిన్న పంపుతో ఇంటికి పంపవచ్చు. కానీ సంచి మార్చడానికి శిక్షణ పొందిన నర్సు కావాలి, జ్వరమొస్తే వెంటనే ఆసుపత్రికి చేరాలి. కొల్లేటి లంక గ్రామంలోనో తాడేపల్లిగూడెం పక్క పల్లెలోనో ఉండే కూలి కుటుంబం ఇన్నాళ్ళు పని మానుకుని పట్నంలో ఎక్కడుంటుంది? మందు ధరకు సాయం చేసేవాళ్ళు ఆ గది అద్దె, తిండి ఖర్చు కూడా లెక్కలో వేయాలి. చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇచ్చే పద్ధతి మీద పరీక్షలు జరుగుతున్నాయి. అది నెగ్గితే ఆ పల్లెల వాళ్ళకు పంపు బాధ తప్పుతుంది.