తాళం తిప్పినా బండి పలకకపోతే

సత్తెనపల్లి చుట్టుపక్కల మోటార్ సైకిల్ అంటే సగం వ్యవసాయ పనిముట్టు. ముప్పాళ్ల, రాజుపాలెం, నకరికల్లు వైపు పల్లెల్లో పురుగుమందు డబ్బాలూ, పత్తి విత్తనాల ప్యాకెట్లూ, పొలానికి అన్నం క్యారేజీలూ, అప్పుడప్పుడూ ఓ మిర్చి టిక్కీ, అన్నీ దాని మీదే తిరుగుతాయి. అలాంటి బండి పొద్దున్నే తాళం తిప్పితే మీటర్లో లైటు వెలగక, హారన్ మోగక మొండికేసిందనుకోండి, చాలాచోట్ల వినపడే మొదటి మాట ‘స్విచ్ పోయింది, మార్చేద్దాం’ అనే. స్విచ్ పోవడం నిజంగా జరిగేదే. కానీ పరీక్ష చేయకుండా మార్చడం వల్ల డబ్బు పోతుంది, రోగం మాత్రం బండిలోనే ఉండిపోతుంది. ఇగ్నీషన్ స్విచ్ మీద అనుమానం అన్నిటికన్నా చివర రావాలని నా గట్టి అభిప్రాయం.

నాగార్జునసాగర్ కుడికాల్వ కింద సేద్యం చేసేవాళ్లకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. చేలోకి నీళ్లు రాకపోతే ముందుగా తూము పగలగొట్టం. కాల్వలో నీళ్లున్నాయా, పిల్లకాల్వకు ఎక్కడైనా గండి పడిందా అని చూస్తాం. బండిలో బ్యాటరీ కాల్వ, స్విచ్ తూము, తీగలు పిల్లకాల్వలు. బ్యాటరీ ప్లస్ నుంచి కరెంటు ఫ్యూజు దాటి, హ్యాండిల్ దగ్గరున్న స్విచ్‌లోకి వచ్చి, తాళం తిప్పగానే రెండో తీగలోకి దిగి లైట్లకూ హారన్‌కూ సెల్ఫ్‌కూ చేరుతుంది. హోండా పద్ధతి వైరింగ్ ఉన్న బళ్లలో వచ్చే తీగ ఎరుపు, తాళం వేశాక కరెంటు అందుకునే తీగ నలుపు, ఎర్త్ ఆకుపచ్చ. వేరే కంపెనీల రంగులు వేరు కాబట్టి ఆ బండి వైరింగ్ బొమ్మ చూడకుండా రంగును నమ్మి తీగ కత్తిరించకూడదు.

ఇంజన్‌కు నిప్పురవ్వ అందే దారి మాత్రం అన్ని బళ్లలో ఒకటి కాదు. పాత తరం 100 సీసీ బళ్లలో చాలావాటికి ప్లగ్ కరెంటు బ్యాటరీ నుంచి రాదు, మాగ్నెట్ దగ్గరి కాయిల్ నుంచి వస్తుంది. అందుకే బ్యాటరీ చచ్చినా కిక్ కొడితే స్టార్టయ్యేవి. అక్కడ తాళం చేసే పని సీడీఐ (ప్లగ్‌కు నిప్పు పంపే ఎలక్ట్రానిక్ పెట్టె) నుంచి వచ్చే ఒక తీగను ఎర్త్‌కు కలిపి ఇంజన్ ఆపడం. కాబట్టి అలాంటి బండి తాళం తీసినా ఆగకపోతే ఆ తీగ ఎక్కడో తెగిందని గానీ, స్విచ్ దాన్ని ఎర్త్‌కు కలపడం లేదని గానీ అర్థం. అదే తీగ ఒరుసుకుపోయి చాసిస్‌కు తగిలితే తాళం వేసినా ప్లగ్‌లో నిప్పు రాదు, స్విచ్‌కు ఏ దోషమూ లేకుండానే. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక ఎక్కువ బళ్లకు ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. వాటిలో ఇంజెక్షన్‌ను నడిపే ఈసీయూకూ పెట్రోల్ పంపుకూ బ్యాటరీ కరెంటు కావాల్సిందే. తాళం వేయగానే రెండు క్షణాలు సన్నగా వినపడే పంపు చప్పుడు రాలేదంటే, ముందుగా ఫ్యూజూ దానికి కరెంటు తెచ్చే దారీ చూడాలి. లక్షణాన్ని సరిగ్గా గమనిస్తే సగం పని అయిపోయినట్టే.

మిగతా సగం మల్టీమీటర్ చెబుతుంది. నిండా చార్జయి కాసేపు కదలకుండా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపించాలి. హెడ్‌లైట్ డూమ్ విప్పి, స్విచ్ కప్లర్ ఊడదీయకుండానే దాని వెనకవైపు నుంచి ఎరుపు తీగ దగ్గర కొలవాలి, తర్వాత తాళం వేసి నలుపు దగ్గర. ఎరుపులో ఉన్నది నలుపులోకి దాదాపు అంతే వస్తే స్విచ్ నిర్దోషి. అరవోల్టు కన్నా ఎక్కువ పడిపోతే స్విచ్ లోపలి కాంటాక్టులనో కప్లర్‌నో అనుమానించాలి. ఎరుపులోనే కరెంటు లేకపోతే కొత్త స్విచ్ వేసి ఏం లాభం? ఈ కొలత హారన్ నొక్కి, బ్రేక్ లైటు వెలిగించి తీసుకోవాలి. తీగలో పదిహేను పోగులు తెగి ఒక్కటి మిగిలినా ఖాళీగా కొలిస్తే మీటర్ పూర్తి వోల్టేజీ చూపిస్తుంది, లోడ్ పడగానే కుప్పకూలుతుంది. మీటర్ ఒక్కటే నమ్మి మోసపోయేది ఇక్కడే. రెండు తీగలు కట్టిన 12 వోల్టుల బల్బు, అదే టెస్ట్ ల్యాంప్, ఈ దొంగను వెంటనే పట్టిస్తుంది. గుడ్డిగా వెలిగిందంటే దారిలో అడ్డుంది.

ఆ అడ్డు ఎక్కువగా హ్యాండిల్ మెడ దగ్గరే ఉంటుంది. హ్యాండిల్ తిప్పిన ప్రతిసారీ తీగల కట్ట అక్కడ మడతపడుతుంది. మన ఎండలకు, రెంటచింతల పేరు ఏటా పేపర్లలో కనపడేటంత ఎండలకు, పైతొడుగు బిరుసెక్కుతుంది. దానికి తోడు పిడుగురాళ్ల వైపు తిరిగే బళ్లకు సున్నపు దుమ్ము. హ్యాండిల్‌ను నిదానంగా ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పుతూ టెస్ట్ ల్యాంప్ వైపు చూస్తే మిణుకుమిణుకుమనే చోటు దొరుకుతుంది. ఒక్కో తీగను వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా లాగండి. పైకి ఏమీ తెలియదు కానీ లోపల రాగి తెగిన చోట తొడుగు మెత్తబడి సాగుతుంది. కప్లర్ విప్పితే పిన్నుల మీద పచ్చటి చిలుము, ఒక మూల ప్లాస్టిక్ వేడికి గోధుమరంగుకు తిరిగి ఉండటం కనిపించవచ్చు. ఇవన్నీ శుభ్రం చేసో, ఒక తీగ ముక్క వేసి టంకం పెట్టి స్లీవ్ తొడిగో సరిచేసేవే.

‘అంతసేపు ఎవరు వెతుకుతారు? స్విచ్ వేస్తే పది నిమిషాల పని’ అని మెకానిక్ అంటే అందులో న్యాయం ఉంది. మనం ఆయనకు వేసిన సామానుకే డబ్బులిస్తాం, వెతికిన గంటకు ఇవ్వం. రోగం కనిపెట్టినందుకు కూలీ ఇవ్వడం మనం నేర్చుకోనంతకాలం అనవసరంగా సామాను మారుతూనే ఉంటుంది. ‘కోతల రోజులు, ఆగలేం, డైరెక్ట్ చేసివ్వండి’ అనే రైతు మాటా కాదనలేనిదే. దారిలో ఆగిన బండిని ఊరు చేర్చడానికి ఫ్యూజును తప్పించకుండా తీగలు కలపడం వరకు ఒప్పుకుంటాను. దాన్ని అలాగే నెలల తరబడి వదిలేస్తే మాత్రం తాళం లేకుండానే ఎవరైనా తీసుకుపోయే బండి అది. బ్యాటరీ నుంచి నేరుగా ఫ్యూజు లేకుండా తెచ్చిన తీగ అయితే పెట్రోల్ ట్యాంకు కింద నిప్పు పెట్టుకున్నట్టే.

స్విచ్చే దోషి అని తేలితే మార్చాల్సిందే. అప్పుడు ముందుగా బ్యాటరీ మైనస్ తీగ విప్పాలి. కప్లర్‌ను దాని లాక్ నొక్కి ఒళ్లు పట్టుకుని లాగాలి, తీగలు పట్టుకుని కాదు. కొన్ని బళ్లలో తాళం బాగుండి కింది కాంటాక్ట్ ప్లేటు ఒక్కటే పోతుంది, దొరికితే అదొక్కటే మార్చుకోవచ్చు. మొత్తం స్విచ్ మారిస్తే ట్యాంకు మూతకు పాత తాళం, బండికి కొత్త తాళం అవుతాయి. అందుకే లాక్ సెట్ మొత్తం వేయడమే నయం. కొత్త తీగను పాత దారిలోనే తెచ్చి, హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పినా బిగుసుకోకుండా చూడాలి. ఇంటి తాళాలన్నీ బండి కీకి వేలాడదీసే అలవాటు మానాలి. ఆ బరువు గతుకుల రోడ్డు మీద ఊగుతూ లాక్‌ను అరగదీస్తుంది.

ఆ బరువు చిన్న విషయం కాదని అమెరికాలో జనరల్ మోటార్స్ ఉదంతం చూపించింది. 2014లో ఆ కంపెనీ ఇగ్నీషన్ స్విచ్ లోపంతో సుమారు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. తాళాల గుత్తి బరువుకో, మోకాలు తగిలో తాళం దానంతటదే తిరిగి, నడుస్తున్న కారు ఇంజన్ ఆగిపోయేది, ఎయిర్‌బ్యాగులు పనిచేసేవి కావు. ఆ కంపెనీ పెట్టిన పరిహార నిధి 124 మరణాలను గుర్తించింది. అక్కడ స్విచ్చే దోషి, నిజమే. కానీ అది బయటపడటానికి ఏళ్లు పట్టడానికి ఒక కారణం, స్విచ్‌ను మధ్యలో మార్చి పార్ట్ నంబరు మార్చకపోవడం. ఏది మారిందో ఎక్కడా రాయకపోతే కారణం వెతికేవాడికి ఆధారం ఉండదు. సత్తెనపల్లి షెడ్డులోనూ అంతే. బిల్లు మీద ‘ఎరుపు 12.5, నలుపు 10.9, స్విచ్ మార్చాం’ అని ఒక్క వరుస రాయించుకుని, పాత స్విచ్ అడిగి తెచ్చుకోండి. రెండు నెలల తర్వాత బండి మళ్లీ ఆగితే తర్వాతి మెకానిక్ ఎక్కడ మొదలుపెట్టాలో ఆ వరుస చూసి తెలుసుకుంటాడు.