ఇంగ్లీషు పాట వచ్చిన పిల్లకు మాట ఎందుకు రాదు?

ఒకటో తరగతి పిల్ల ఇంగ్లీషు రైము గడగడా పాడేస్తుంది. "నీకేం ఇష్టం?" అని ఇంగ్లీషులో అడిగితే మాత్రం టీచరు మొహం చూస్తుంది. మరి క్లాసులో పాటలెందుకు?

ముందు నోరు తిరగడానికి. తెలుగు మాట సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది. అందుకే మన పిల్లల నోట బుక్ బుక్కవుతుంది, బస్ బస్సవుతుంది. పాటలో ఆ చివరి అచ్చు పలికే తీరిక ఉండదు, తాళం ముందుకెళ్లిపోతుంది. పైగా ఇంగ్లీషు వాక్యంలో కొన్ని మాటలు నొక్కి పలుకుతారు, మిగతావి సగం మింగేస్తారు. వ్యాకరణం చెబితే ఇది ఆరేళ్ల పిల్లలకు ఎక్కదు, చప్పట్లు కొడితే ఎక్కుతుంది. అమెరికా టీచరు కరోలిన్ గ్రాహం 1978లో తెచ్చిన ‘జాజ్ చాంట్స్’ పుస్తకం ఈ లయనే నమ్ముకుంది.

లయ దగా కూడా చేస్తుంది. ఏబీసీడీ పాటలో ఎల్ నుంచి పీ వరకు ఒక్క ఊపులో దొర్లిపోతాయి. ఆ అయిదూ కలిపి ఒకటే అక్షరమని ఇంగ్లీషు ఇంటిభాషగా ఉన్న పసివాళ్లూ అనుకుంటారు. అక్కడ పాట ఆపి, ఒక్కో అక్షరం అట్ట ఒక్కొక్కరి చేతికిచ్చి వరసగా నిలబెట్టండి. ఎవరి వంతుకు వాళ్లు అరిస్తే చిక్కు విడిపోతుంది.

ఇక పాట ఎలా నేర్పాలి? తొలిరోజు పుస్తకం తెరవొద్దు. తల, భుజాలు, మోకాళ్లు తాకుతూ పాడే పాటకు తెలుగు అర్థం చెప్పే పనే లేదు. పిల్లలు గొంతు కలపకపోయినా, చేయి సరైన చోటికి వెళ్తోందంటే అర్థమైనట్టే. ఫోన్లో పాట వాళ్లకు అందనంత వేగంగా పోతుంది, మీ గొంతే మేలు. రాగం రాదా? చెమ్మచెక్క చప్పట్ల మీద వాక్యం చెప్పించండి, చాలు.

మర్నాడు పాదం చివరి మాట మీరు మింగేయండి, వాళ్లు అందుకుంటారు. అసలు పని ఆ తర్వాతే. పండ్ల పాటైతే, "ఐ లైక్ మ్యాంగోస్" అన్నచోట ఒకడు రేగుపండ్లు పెడతాడు. పెట్టనివ్వండి, అప్పుడే ఆ వాక్యం వాడిదైంది. ఆపైన రాగం తీసేసి, "వాట్ డు యూ లైక్?" అని మామూలుగా అడగాలి. చాలా బడుల్లో ఈ మెట్టే ఎక్కరు. వార్షికోత్సవానికి పాట సరిపోతుంది కదా!

వారానికి ఒక్క పాట చాలు టీచరుగారూ. శనివారానికల్లా అందులో ఒక్క వాక్యమైనా రాగం లేకుండా పిల్లల నోట రానివ్వండి.