పాలు, మలేరియా, మన డీఎన్‌ఏ

జన్యుశాస్త్ర ప్రయోగశాలల్లో ‘ఐటీయూ’ అంటే తెలియనివాళ్లు తక్కువ. ‘ఇండియన్ తెలుగు ఇన్ ది యూకే’ అన్నదానికి అది పొట్టిపేరు. ‘1000 జీనోమ్స్’ అనే అంతర్జాతీయ ప్రాజెక్టు కోసం బ్రిటన్‌లో స్థిరపడిన కొందరు తెలుగువాళ్లు రక్తం ఇచ్చారు. 26 జనసమూహాలకు చెందిన 2,504 మంది డీఎన్‌ఏను చదివి, ఆ ఫలితాలను 2015 అక్టోబరులో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. ఆ 2,504 మందిలో 102 మంది మనవాళ్లే. ఆ సమాచారంలో వాళ్ల పేర్లు ఉండవు, ఊళ్లు ఉండవు. డీఎన్‌ఏ అక్షరాల వరుస ఉంటుంది. బోస్టన్‌లో ఉన్నవాళ్లయినా బీజింగ్‌లో ఉన్నవాళ్లయినా దాన్ని దించుకుని చదువుకోవచ్చు.

అంత శ్రమపడి చదివేది జబ్బుల మూలాల కోసమే కాదు. ఇంకో ప్రశ్న ఉంది. మనిషి వ్యవసాయం నేర్చి, పశువులను మచ్చిక చేసి, ఊళ్లు కట్టుకున్న ఈ పదివేల ఏళ్లలో అతని శరీరం ఏమైనా మారిందా? పరిణామం అనగానే కోతి, రాతియుగం గుర్తుకొస్తాయి కాబట్టి అదంతా ఎప్పుడో ముగిసిపోయిందని చాలామంది అనుకుంటారు. ముగియలేదు. కాకపోతే దాని ఆనవాలు పట్టుకోవడం చాలా కష్టం. పట్టుకున్నామనుకుని పొరబడటం చాలా తేలిక.

మన జీనోమ్‌లో సుమారు 300 కోట్ల అక్షరాలు ఉంటాయి. ఏ ఇద్దరిని పోల్చినా వెయ్యి అక్షరాలకు ఒకటి చొప్పున తేడా కనిపిస్తుంది. ‘1000 జీనోమ్స్’ ప్రాజెక్టు లెక్కతేల్చిన తేడాలు 8.8 కోట్లు. వీటిలో అత్యధికం మంచీ చెయ్యవు, చెడూ చెయ్యవు. ఒక అక్షరం ఒకచోట ఎక్కువమందిలో, ఇంకోచోట తక్కువమందిలో ఉండటానికి చాలాసార్లు కారణం కేవలం యాదృచ్ఛికత. జపాన్ శాస్త్రవేత్త మోటూ కిమురా 1968లోనే ఈ వాదన ముందుకు తెచ్చారు. ఇన్ని కోట్ల తేడాల మధ్య, మనిషిని బతికించింది కాబట్టి వ్యాపించిన అక్షరం ఏదో తేల్చాలి. ప్రకృతి వరణాన్ని గుర్తించడమంటే ఇదే.

దీనికి 2002లో పార్డిస్ సబేటి బృందం ఒక మార్గం చూపింది. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు క్రోమోజోములు ఉన్నవి ఉన్నట్టుగా రావు. అండం, శుక్రకణం తయారయ్యేటప్పుడు జంట క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయి. పేకాటలో దస్తా పంచాక చేతికి ఆటీను ముక్కలు ఎనిమిది వరుసగా వచ్చాయంటే, ముక్కలు సరిగా కలపలేదని అర్థం. క్రోమోజోమ్ సంగతీ అంతే. ఒక అక్షరానికి అటూ ఇటూ ఉన్న వరుస చాలామందిలో చెక్కుచెదరకుండా ఒకేలా ఉందంటే, ఆ అక్షరం పుట్టి ఎక్కువ తరాలు గడవలేదన్నమాట. పది లక్షల అక్షరాల పొడవులో ఒక తరంలో తెగే అవకాశం దాదాపు నూటికి ఒకటి. వంద తరాలు, అంటే సుమారు రెండున్నర మూడు వేల ఏళ్లు గడిచేసరికి అంత పొడవు ముక్క తెగకుండా మిగిలేది మూడింట ఒక వంతుకు కాస్త ఎక్కువ. వెయ్యి తరాలైతే దాదాపు ఏమీ మిగలదు.

ఇక్కడే చిక్కుముడి విడుతుంది. యాదృచ్ఛికంగా వ్యాపించే అక్షరం సగం జనాభాకు చేరాలంటే సాధారణంగా లక్షల ఏళ్లు పడుతుంది. ఆలోపు దాని చుట్టూ ఉన్న వరుస ముక్కలైపోతుంది. అలా కాకుండా అక్షరమేమో చాలామందిలో ఉండి, చుట్టూ ఉన్న వరుస ఇంకా పొడవుగానే ఉంటే? అది తక్కువ కాలంలో చాలామందికి చేరింది. దాన్ని ఏదో తోసింది.

ఇందుకు అందరూ చెప్పే ఉదాహరణ పాలు. పసిపిల్లలందరి పేగుల్లో లాక్టేజ్ అనే ఎంజైము ఉంటుంది. పాలలోని చక్కెరను అరిగించేది అదే. తల్లిపాలు మానేశాక ప్రపంచంలో ఎక్కువమందిలో దాని ఉత్పత్తి తగ్గిపోతుంది. ఆ తర్వాత గ్లాసెడు పాలు తాగితే కడుపుబ్బరం, విరేచనాలు. కొందరిలో మాత్రం అది జీవితాంతం తయారవుతూనే ఉంటుంది. 2002లో ఫిన్లాండ్ కుటుంబాలను పరిశీలించినప్పుడు కారణం దొరికింది. రెండో క్రోమోజోమ్‌పై, లాక్టేజ్ జన్యువుకు దాదాపు 14 వేల అక్షరాల దూరంలో, పొరుగున ఉన్న మరో జన్యువు లోపల ‘సి’ ఉండాల్సిన చోట ‘టి’ ఉంది. అంతే తేడా. ఎంజైము తయారీని ఆపనివ్వకుండా చూసేది ఆ ఒక్క అక్షరం.

ఆ ‘టి’ ఉన్న ఉత్తర యూరప్‌వాళ్ల క్రోమోజోములను పక్కపక్కన పెట్టి, ఆ అక్షరం నుంచి ఎడమకూ కుడికీ చదువుకుంటూ పోతే వరుస ఎంతకీ తెగదు. పది లక్షల అక్షరాలకు పైగా అదే వరుస. ‘సి’ ఉన్నవాళ్లలోనేమో కొద్ది దూరానికే ఒకరిది ఒకరితో కలవదు. 2007లో సారా టిష్కాఫ్ బృందం టాంజానియా, కెన్యా పశుపాలకులను పరీక్షిస్తే అక్కడ ఉన్నది యూరప్ అక్షరం కాదు, ఇంకొకటి. పుట్టిన చోటు వేరు, పని ఒకటే. చుట్టూ ఉన్న వరుస మాత్రం ఇరవై లక్షల అక్షరాలు దాటింది. పశువుల వెంట నడిచిన మనుషులకు రెండు ఖండాల్లో విడివిడిగా ఒకే రకం మేలు జరగడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే విషయం.

మన దేశంలోనూ ఈ అక్షరం ఉంది. రెండు వేల మందికి పైగా భారతీయుల నమూనాలతో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న అధ్యయనం 2012లో వచ్చింది. మన దగ్గర కనిపించేది యూరప్‌లో ఉన్న ‘టి’నే, దాని చుట్టూ ఉన్న వరుస కూడా అదే. అంటే రెండుచోట్లా మూలం ఒక్కటి. వాయవ్యంలో ఎక్కువగా ఉండి, ఆగ్నేయానికి వచ్చేకొద్దీ తగ్గుతుంది. నీలగిరుల్లో గేదెలు కాసుకునే తోడాల్లో మాత్రం ఎక్కువ. మన వైపు పాలు పడనివాళ్లు కూడా పెరుగన్నం సుఖంగా తినగలగడానికి కారణం ఉంది. తోడు వేసినప్పుడు పాలలోని చక్కెరను సూక్ష్మజీవులు కొంత తినేస్తాయి. జన్యువు చెయ్యాల్సిన పని కొంత మన వంటిల్లు చేసిపెట్టింది.

కథ ఇక్కడితో తేలలేదు. పురాతన మట్టిపాత్రల పెంకుల్లో ఇంకిన కొవ్వును పరీక్షించి 2022లో రిచర్డ్ ఎవర్షెడ్, మార్క్ థామస్ తదితరులు ఒక సంగతి చెప్పారు. యూరప్‌లో పాల వాడకం మొదలైన కొన్ని వేల ఏళ్లకు గానీ ఈ అక్షరం బాగా వ్యాపించలేదు. పాలు తాగినంత మాత్రాన ఎవరూ చనిపోరు కదా. కరవు రోజుల్లో, అంటురోగాల రోజుల్లో విరేచనాలు పట్టుకుంటే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. వరణం అప్పుడే బలంగా పనిచేసి ఉంటుందని వాళ్ల వాదన. పొడవాటి వరుస మనకు చెప్పేది ఏదో జరిగిందని మాత్రమే. ఎందుకు జరిగిందో అది చెప్పదు.

ఎందుకో బాగా తెలిసిన కథ మలేరియాది. దాన్ని మొదట ఊహించిన వ్యక్తికీ తెలుగునేలకూ బంధం ఉంది. జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో ఇంగ్లండ్ వదిలి భారత్ వచ్చి, ఇక్కడి పౌరుడై, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు. తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు రాసిచ్చారు. మధ్యధరా సముద్ర తీరాల్లో తలసేమియా అంత ఎక్కువగా ఎందుకుందని ఆయన 1940లలోనే ఆలోచించారు. ప్రాణం తీసే జన్యువు తరతరాలుగా ఎలా నిలిచింది? ఒక ప్రతి మాత్రమే ఉన్నవాళ్లను మలేరియా నుంచి అది కాపాడుతూ ఉండాలి. 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో సికిల్‌సెల్ విషయంలో ఇదే నిజమని చూపారు. బీటా గ్లోబిన్ జన్యువులో ‘ఎ’ బదులు ‘టి’ ఉండటమే సికిల్‌సెల్. ఒక ప్రతి ఉంటే ప్రాణాంతక మలేరియా నుంచి దాదాపు 90 శాతం రక్షణ. రెండూ ఉంటే ఎర్రకణాలు కొడవలి ఆకారానికి వంగి, రక్తనాళాల్లో ఇరుక్కుని, భరించలేని నొప్పులు. సబేటి 2002లో తన పద్ధతిని పరీక్షించిన జీ6పీడీ జన్యువుదీ ఇదే కథ. ఆ ఎంజైము తక్కువగా ఉన్నవాళ్లకు మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది. అదే మనిషికి మలేరియా మందు ప్రైమాక్విన్ ఇస్తే రక్తకణాలు పగిలిపోవచ్చు. ఏజెన్సీ ఆస్పత్రుల్లో ఆ మాత్ర విషయంలో డాక్టర్లు జాగ్రత్త పడాల్సి వచ్చేది అందుకే.

ప్రకృతి వరణాన్ని ‘మెరుగైన మనిషి’ కథగా చెప్పేవాళ్లు సికిల్‌సెల్ బిడ్డ తల్లి ముందు ఆ మాట అనలేరు. ఆ జన్యువు మెరుగూ కాదు, తక్కువా కాదు. ఒక దోమకూ ఒక పల్లపు నేలకూ శరీరం చెల్లించిన మూల్యం అది. టిబెట్‌లో మేలు మాత్రమే కనిపిస్తుంది. నాలుగు వేల మీటర్ల ఎత్తున మనలాంటివాళ్ల రక్తంలో హిమోగ్లోబిన్ పెరిగి రక్తం చిక్కబడుతుంది, టిబెటన్లలో అలా జరగదు. 2010లో చూస్తే ఈపీఏఎస్1 జన్యువులోని ఒక రూపం టిబెటన్లలో 87 శాతం, హాన్ చైనీయుల్లో 9 శాతం. 2014లో తెలిసింది, అది అంతరించిపోయిన డెనిసోవన్ మానవుల నుంచి వచ్చిందని.

ఇవి నిలబడ్డ కథలు. కూలిపోయినవి కూడా ఉన్నాయి, వాటి గురించి పత్రికలు అంతగా రాయవు. హెచ్‌ఐవీని అడ్డుకునే సీసీఆర్5 మార్పు యూరప్‌లో ఏడు వందల ఏళ్ల కిందట పుట్టి ఉంటుందని 1998లో లెక్కవేశారు. ప్లేగు మహమ్మారే దాన్ని వ్యాపింపజేసిందని ప్రచారమైంది. 2005లో మరింత సమాచారంతో సబేటి బృందమే చూస్తే, దాని చుట్టూ ఉన్న వరుసలో అసాధారణమేమీ లేదు. వయసు కూడా వేల ఏళ్లు. అదే ఏడాది మెదడు పరిమాణానికి సంబంధించిన రెండు జన్యువుల్లో ఇటీవలి వరణం జరిగిందని ‘సైన్స్’ పత్రికలో వ్యాసాలు వచ్చాయి. వాటిని పట్టుకుని జాతుల తెలివితేటల గురించి నోటికొచ్చినట్టు మాట్లాడినవాళ్లున్నారు. ఆ రూపాలకూ తెలివితేటలకూ సంబంధమే లేదని తర్వాతి పరీక్షల్లో తేలింది. ఉత్తర యూరప్‌వాళ్ల ఎత్తు కూడా వరణం వల్లే పెరిగిందని ఏళ్ల తరబడి నమ్మారు. 2019లో రెండు బృందాలు యూకే బయోబ్యాంక్ సమాచారంతో సరిచూసేసరికి ఆ సంకేతం చాలావరకు కరిగిపోయింది. వేర్వేరు జనాలను కలిపి లెక్కవేసినప్పుడు దొర్లిన చిన్న చిన్న తేడాలే పెద్ద ఆధారంలా కనిపించాయి. మొదటి వార్త మొదటి పేజీకి ఎక్కుతుంది, సవరణ ఎక్కడా కనిపించదు. ఈ రంగంలో అది చాలా హాని చేసింది.

తెలుగువాళ్ల విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. మన దగ్గర కులంలోనే పెళ్లిళ్లు తరతరాలుగా సాగుతున్నాయి. 2009లో డేవిడ్ రైక్, సీసీఎంబీకి చెందిన కె. తంగరాజ్, లాల్జీ సింగ్ తదితరులు చూపినదాన్ని బట్టి, వైశ్యుల పూర్వీకుల్లో కొద్దిమంది నుంచే సంతతి సాగిన ఘట్టం ఒకటి, రెండు మూడు వేల ఏళ్ల కిందట జరిగింది. తర్వాత బయటి కలయిక బాగా తక్కువ. బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం ఆ సమాజంలో ఇతరులకన్నా దాదాపు వంద రెట్లు ఎక్కువ. మామూలు రోజుల్లో ఏ ఇబ్బందీ ఉండదు. ఆపరేషన్ బల్లపై సక్సినైల్‌కోలిన్ ఇచ్చినప్పుడు కొద్ది నిమిషాల్లో కోలుకోవాల్సిన కండరాలు గంటల తరబడి కదలవు, ఊపిరి యంత్రంతో నడిపించాలి. ఆ లోపం అంత ఎక్కువైంది కదా అని ‘ఏదో మేలు చేసి ఉంటుంది’ అనుకోనక్కర్లేదు. ఆ కొద్దిమంది పూర్వీకుల్లో ఒకరికి ఉండటమే చాలు. దీన్ని జన్యు విస్థాపన అంటారు. దాని గుర్తులు పైకి చూస్తే వరణం గుర్తుల్లాగే ఉంటాయి.

ఈ రెంటినీ విడదీయడానికి ఇప్పుడున్న గట్టి సాధనం పాత ఎముకలు. 2015లో ఇయాన్ మాథిసన్ బృందం 230 మంది ప్రాచీన యురేషియన్ల డీఎన్‌ఏలో కాలక్రమాన అక్షరాలు ఎలా పెరిగాయో నేరుగా చూసింది. పాల జన్యువు అక్కడా కనిపించింది. ఎముకలున్నా వివాదం తప్పదు. లండన్, డెన్మార్క్ సమాధుల్లోని అవశేషాలు చూసి 1348 ప్లేగు వరణం జరిపిందని 2022లో ఒక బృందం ప్రకటిస్తే, ఆ గణాంకాలు నిలవవని మరుసటి ఏడాదే ఇంకో బృందం వాదించింది. మనకైతే ఆ సాధనమే సరిగా అందలేదు. మన ఎండ, తేమ ఎముకల్లో డీఎన్‌ఏను నిలవనివ్వవు. హరియాణాలోని రాఖీగఢీలో అరవైకి పైగా నమూనాలు పరీక్షిస్తే 2019లో ఒక్క మహిళ జీనోమ్ బయటపడింది. అందుకని మన కథ ఇప్పుడు బతికున్నవాళ్ల రక్తంలోనే చదవాలి. పదివేల మంది భారతీయులతో సాగిన ‘జీనోమ్ ఇండియా’ సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. దీన్ని చదివేవాళ్లు ఎంత పొడవు వరుస కనిపించినా వెంటనే కథ అల్లకుండా, ఆ అక్షరం కణంలో ఏం చేస్తుందో తేల్చాకే మాట్లాడాలి.

కొన్నింటికి ఇంకే పరిశోధనా అక్కర్లేదు. మలేరియా వదిలివెళ్లిన సికిల్‌సెల్ జన్యువు ఆదిలాబాద్ గోండు గూడేల్లో, అల్లూరి జిల్లా ఏజెన్సీలో ఇప్పటికీ ఉంది. దంపతులిద్దరికీ ఒక్కో ప్రతి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఒక ప్రతి ఉన్న మనిషికి సాధారణంగా ఏ లక్షణమూ కనిపించదు, పరీక్షతోనే తెలుస్తుంది. 2023 జులైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద నలభై ఏళ్లలోపు వారికి ఈ పరీక్ష చేస్తున్నారు. మీ ఊరికి ఆ బృందం వస్తే వేలు చాచండి. పెళ్లి మాటలు మొదలుకాకముందే ఆ కాగితం మీ చేతిలో ఉండాలి.