ఆడపడుచు వాటా నోటిమాటతో తీరదు

ఎల్.బి.నగర్‌కూ దిల్‌సుఖ్‌నగర్‌కూ మధ్య, కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉన్నన్నాళ్లూ రైతులు ఈ దారిన బత్తాయి, మామిడి లోడుతో వచ్చేవారు. మార్కెట్ బాటసింగారానికి తరలిపోయింది. ఇబ్రహీంపట్నం, యాచారం, మహేశ్వరం వైపు నుంచి రైతులు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నారు, పహాణీ నకళ్లు పట్టుకుని. వాళ్లు వెళ్లేది ఎల్.బి.నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టులకు.

భూమికి ధర లేని రోజుల్లో ఆడపిల్ల వాటా ఎవరూ అడగలేదు. పొలాల పక్కన ప్లాట్లు లేచాక అదే పెద్ద తగాదా అయింది. కొనేవాడు కూడా ‘అక్కాచెల్లెళ్ల సంతకాలేవి?’ అని ముందే అడుగుతున్నాడు. ఈ విషయంలో చట్టం ఏం చెబుతోంది, సుప్రీంకోర్టు ఏం తేల్చింది, చిన్న రైతు తెలుసుకుని ఉండాలి.

చట్టం మారిన తీరు

1956 నాటి హిందూ వారసత్వ చట్టంలో తాతల నాటి ఉమ్మడి ఆస్తిపై పుట్టుకతో హక్కు కొడుకులకే ఉండేది. కూతుళ్లకూ ఆ హక్కు ఇస్తూ ఎన్.టి.రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది. అయితే అప్పటికి పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టమే మారింది. పెళ్లయినా కాకపోయినా కూతురు కొడుకుతో సమానం అయింది.

మరి ఆ తేదీకి ముందే తండ్రి చనిపోతే? ఇక్కడే పేచీ వచ్చింది. తండ్రి ఆ రోజుకు బతికి ఉంటేనే కూతురికి హక్కని 2015లో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీల బెంచి అన్నది. 2001లో చనిపోయిన తండ్రి ఆస్తిలోనూ కూతుళ్లకు వాటా ఉందని 2018లో మరో బెంచి చెప్పింది. చివరికి 2020 ఆగస్టు 11న జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ అబ్దుల్ నజీర్, జస్టిస్ ఎం.ఆర్.షా బెంచి చిక్కు విప్పింది. కూతురి హక్కు పుట్టుకతో వచ్చేది, కనుక 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న నియమం లేదు అని తేల్చింది.

లెక్క ఇలా

మూడెకరాల ఉమ్మడి భూమి ఉందనుకోండి. తండ్రి, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. తల్లి ముందే పోయింది. తండ్రి వీలునామా రాయకుండా చనిపోయాడు.

పాత లెక్కలో తండ్రికి, కొడుకులకు తలా ఎకరం. తండ్రి ఎకరాన్ని నలుగురు పిల్లలు పంచుకుంటే తలా పది గుంటలు. అంటే కొడుక్కి ఎకరం పది గుంటలు, కూతురికి పదే గుంటలు. ఇప్పటి లెక్కలో నలుగురికీ తలా ముప్పై గుంటలు. తల్లి బతికి ఉంటే తండ్రి వాటాలో ఆమెకూ భాగం వస్తుంది.

ఈ తేడా కోసమే ఒంగోలు కోర్టులోని ఒక భాగపంపకం దావా ఢిల్లీ దాకా వెళ్లింది. 1999లో ప్రాథమిక డిక్రీ అయింది. తుది డిక్రీ కాకముందే చట్టం మారింది. మాకు నాలుగో వంతు రావాలని కూతుళ్లు అడిగారు. కింది కోర్టు సరేనంది, హైకోర్టు కాదంది. 2011 అక్టోబరు 12న సుప్రీంకోర్టు కూతుళ్ల పక్షాన తీర్పిచ్చింది. తుది డిక్రీ అయ్యేదాకా దావా ముగిసినట్టు కాదు, వాటాలు మార్చవచ్చు అన్నది. తీర్పు మంచిదే. కానీ ప్రాథమిక డిక్రీ తర్వాత పన్నెండేళ్లు గడిచిపోయాయి! గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడిస్తే ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడని ఊరికే అనలేదు.

‘ఎప్పుడో పంచుకున్నాం’ అంటే?

చాలా ఊళ్లలో పంపకాలు పెద్దమనుషుల ముందు నోటిమాటగా, లేదా తెల్లకాగితం మీద జరిగాయి. కూతురి హక్కును కాదనడానికి ఇది చాలదు. రిజిస్టరు దస్తావేజుతో గానీ, కోర్టు డిక్రీతో గానీ 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన పంపకాన్నే చట్టం కదిలించదు. ఆ తేదీకి ముందు జరిగిన అమ్మకాలకూ ఢోకా లేదు. నోటిమాట పంపకాన్ని గట్టి ప్రభుత్వ రికార్డులు ఉంటే తప్ప, అదీ అరుదుగా తప్ప ఒప్పుకోకూడదని 2020 తీర్పు చెప్పింది.

‘పెళ్లికి కట్నం ఇచ్చాం, పసుపు కుంకుమలు పెట్టాం కదా’ అనే మాటా నిలవదు. కట్నం ఇచ్చినంత మాత్రాన వాటా పోదు. అక్క నిజంగానే వద్దనుకుంటే హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు చేయించాలి. పాసుబుక్కులో అన్న పేరొక్కటే ఉన్నంత మాత్రాన భూమి అంతా అన్నదే అనుకోరాదు. రెవెన్యూ రికార్డులో పేరెక్కితే హక్కు పుట్టదని కోర్టులు పలుమార్లు చెప్పాయి. దావా నడుస్తుండగా భూమి అమ్మితే, కొన్నవాడూ ఆ తీర్పుకు కట్టుబడాల్సిందే.

ఇవీ గమనించండి

* తండ్రి స్వార్జితం అయితే ఆయన ఎవరికైనా వీలునామా రాయవచ్చు. రాయకుండా పోతే భార్య, కొడుకులు, కూతుళ్లు, బతికి ఉంటే ఆయన తల్లి సమానంగా పంచుకుంటారు.
* ఉమ్మడి ఆస్తిలో వాటాతోపాటు దానిమీది బాధ్యతలూ కూతురికి వస్తాయి.
* ఈ చట్టం హిందువులు, బౌద్ధులు, జైనులు, సిక్కులకు. ముస్లింలకు వారి వారసత్వ చట్టం వేరు. షెడ్యూల్డ్ తెగలకు కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఇది వర్తించదు.
* కింది కోర్టు డిక్రీపై జిల్లా కోర్టులో అప్పీలుకు 30 రోజులు, హైకోర్టులో అయితే 90 రోజులు గడువు. తీర్పు రాగానే నకలుకు దరఖాస్తు పెట్టండి.

ఇంట్లోనే తేల్చుకుంటే మేలు

అన్నదమ్ములు, అక్కాచెల్లెళ్లు ఒకచోట కూర్చుని, హద్దులు, గుంటలు, బావి, బోరు, దారి అన్నీ రాసుకుని పంపకం దస్తావేజు రిజిస్టరు చేయించుకోవాలి. తెలంగాణలో వ్యవసాయ భూమికి ఈ పని తహసీల్దారు ఆఫీసులోనే అవుతుంది. భూమి ముక్కలు చేయడం ఇష్టం లేకపోతే ఆడపడుచు వాటాకు సరిపడా డబ్బు ఇచ్చి, ఆ సంగతి దస్తావేజులో రాయించవచ్చు.

మాట కుదరకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా వకీలును ఉచితంగా పెడతారు. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. కోర్టులో ఉన్న దావా లోక్ అదాలత్‌లో రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. ఆ అవార్డు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు ఉండదు. మూడెకరాల రైతు పదేళ్లు వాయిదాలకు తిరిగితే ఖర్చులకే ఆ భూమి కొంత అమ్ముకోవాల్సి వస్తుంది. అప్పుడు అన్నకూ మిగలదు, చెల్లికీ మిగలదు.