దయచేసి వినండి: ఆటిజం, కవిత్వం, మన ఛందస్సు

రాజమండ్రిలో గోదావరి స్టేషన్‌కి దగ్గర్లో ఒక ఇల్లు, ఆ ఇంట్లో అయిదేళ్ల పిల్లవాడు ఉన్నాడనుకుందాం. మాటలు పెద్దగా రాలేదు. కానీ ఉన్నట్టుండి రైల్వే అనౌన్స్‌మెంటు గొంతుతో, అదే విరుపుతో "దయచేసి వినండి" అంటాడు. ఇంటికి వచ్చినవాళ్లు "చిలకపలుకులు లెండి" అని ఊరుకుంటారు. తల్లి మాత్రం ఒకటి గమనించింది. ఈ మాట వేసవిలో అమ్మమ్మగారింటికి రైలెక్కిన రోజు నుంచి మొదలైంది. అన్నం దగ్గర అనడు, పడుకునేటప్పుడు అనడు. గుమ్మం దగ్గర చెప్పులు కనబడితే అంటాడు. అంటే "అమ్మమ్మ దగ్గరికి పోదాం" అని అడుగుతున్నాడన్నమాట.

విన్న మాటను విన్నట్టే, వెంటనే గానీ, కొన్నాళ్ల తర్వాత గానీ తిరిగి పలకడాన్ని వైద్యులు ఎకోలేలియా అంటారు. ఆటిజం ఉన్న పిల్లల్లో ఇది చాలా మామూలు. ఒకప్పుడు దీన్ని అర్థం లేని వాగుడుగా లెక్కగట్టి, మాన్పించడమే వైద్యమనుకున్నారు. అమెరికాలో బారీ ప్రిజాంట్, జుడిత్ డూకన్ 1981లో ప్రచురించిన పరిశోధనతో ఆ అభిప్రాయం మారడం మొదలైంది. పిల్లలు మాటను తిరిగి పలికే సందర్భాలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తే, కొన్నిసార్లు అడగడానికి, కొన్నిసార్లు అవునని చెప్పడానికి, కొన్నిసార్లు తమను తాము నిలదొక్కుకోవడానికి పలుకుతున్నారని తేలింది.

అంతకు చాలా ముందే ఈ విషయాన్ని పట్టుకున్నవాడు లియో కానర్. బాల్టిమోర్‌లో పిల్లల మానసిక వైద్యుడు. 1943లో పదకొండు మంది పిల్లలను వర్ణిస్తూ ఆయన రాసిన వ్యాసంతోనే ఆటిజం అనే మాట ఈ అర్థంలో వైద్యులకు పరిచయమైంది. ఆ పిల్లల్లో పాల్ అనే అబ్బాయి ఉన్నాడు. వాడికి రెండేళ్లప్పుడు తల్లి వంటింట్లో పని చేసుకుంటూ ఒక పిల్లల పాట చెబుతోంది. అంతలో చేతిలోని గిన్నె జారి కింద పడింది. అది మొదలు ఆ రకం గిన్నె ఎక్కడ కనిపించినా పాల్ ఆ పాటలోని మాటలే పలికేవాడు. కథ తెలియనివాళ్లకు అది పిచ్చిమాట, తెలిసినవాళ్లకు ఆ గిన్నెకు వాడు పెట్టిన పేరు. ఇలాంటి ఉదాహరణలనే పోగుచేసి కానర్ 1946లో మరో వ్యాసం రాశాడు. ఒక అర్థాన్ని ఇంకో మాట మీదికి మళ్లించడంలో ఈ పిల్లలు చేసే పనికీ, కవులు చేసే పనికీ మౌలికంగా తేడా లేదన్నది అందులో ఆయన తేల్చిన విషయం. తేడా అల్లా, కవి తన మాట వెనకున్న సంగతి పాఠకుడికి అందేలా చూస్తాడు. ఈ పిల్లలకు ఆ సంగతి వాళ్ల జ్ఞాపకంలోనే ఉండిపోతుంది.

ఆటిజం ఉన్నవారికి రూపకాలు అర్థం కావని, వాళ్లకు కవిత్వం పొసగదని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. టీచర్లూ అంటారు. లోకం వాడి వాడి అరగదీసిన జాతీయాలు కొందరికి వెంటనే అందకపోవడం నిజమే. అది వేరు, కొత్త రూపకాన్ని కట్టడం వేరు. మన ఆలంకారికులు లక్షణ అన్న శబ్దశక్తి గురించి పేజీలు పేజీలు రాశారు. వాచ్యార్థం పొసగని చోట, దానితో సంబంధమున్న మరో అర్థానికి వెళ్లడం లక్షణ. చెప్పులు చూసి "దయచేసి వినండి" అన్న పిల్లవాడు చేసింది అదే. ఆ సంబంధం తల్లికి తెలుసు, మనకు తెలియదు. కవిత రాయడమంటే ఆ తెలియని ముక్కను కూడా కాగితం మీదికి తేవడం. నేర్పవలసిందీ, నేర్చుకోగలిగిందీ ఆ ఒక్క ముక్కే.

ఇక్కడ ఆటిజం గురించి కొంచెం చెప్పుకోవాలి. ఇది రోగం కాదు, బుద్ధిమాంద్యంతో కలిపేయకూడదు. కొందరిలో రెండూ ఉంటాయి, చాలామందిలో ఉండవు. మెదడు ఎదిగిన తీరులోనే ఉన్న తేడా ఇది. నలుగురిలో కలిసే పద్ధతిలో, శబ్దాన్నీ వెలుగునూ స్పర్శనూ తట్టుకోవడంలో, ఒక వరస తప్పితే పడే కలతలో, ఇష్టమైన విషయంలో మునిగిపోయే తీరులో అది కనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచంలో సుమారు 127 మందిలో ఒకరికి ఆటిజం ఉంది. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇదీ ఒకటి. ధారాళంగా మాట్లాడేవాళ్లు, రెండు మాటలే పలికేవాళ్లు, అసలు నోరు విప్పనివాళ్లు, అందరూ ఈ పేరు కిందికే వస్తారు. కాబట్టి "ఆటిజం ఉన్నవారి కవిత్వం ఇలా ఉంటుంది" అని ఎవరైనా ఒక్క ముక్కలో చెబితే నమ్మనక్కర్లేదు.

అయినా కొన్ని పోలికలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది భావోద్వేగం సంగతి. ఆటిజం ఉన్నవారిలో సుమారు సగం మందికి తమ లోపలి భావాన్ని గుర్తుపట్టి దానికి పేరు పెట్టడం కష్టమని 2019లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది. అలెక్సిథైమియా అని దాని పేరు. భావం లేక కాదు, పేరు దొరక్క. గుండె దడదడలాడుతుంది, చేతులు చల్లబడతాయి, ఫ్యాను చప్పుడు భరించలేనంతగా వినిపిస్తుంది. "భయమేస్తోందా, దిగులుగా ఉందా?" అని అడిగితే జవాబు రాదు. స్కూల్లో "నీకెలా అనిపించిందో రాయి" అంటే ఈ పిల్లలు ఖాళీ కాగితం ఇచ్చేది అందుకే.

ఇప్పుడు ఆలంకారికుడు మమ్మటుడి దగ్గరికి రండి. కావ్యప్రకాశంలో రసదోషాల పట్టిక మొదలయ్యేదే భావాన్ని దాని పేరుతో చెప్పేయడంతో. శృంగారమనో, శోకమనో, సిగ్గనో పేరు చెప్పేస్తే రసం పుట్టదు. కారణాలు చూపించు, ఒంటి మీద కలిగిన మార్పులు చూపించు, మిగతాది చదివేవాడు తెచ్చుకుంటాడు అంటాడు ఆయన. ఆ కారణాలకు విభావం, ఆ మార్పులకు అనుభావం అని పేర్లు. భావానికి పేరు పెట్టలేక, ఫ్యాను చప్పుడూ చల్లబడిన చేతులూ మాత్రమే రాసిన పిల్ల తొమ్మిది వందల ఏళ్ల నాటి ఆ సూత్రాన్ని తెలియకుండానే పాటించినట్టు. క్లాసులో సున్నా మార్కులు వచ్చేది దానికే. నా బాధ అంతా ఇక్కడే ఉంది. "ఎలా అనిపించింది?" అన్న ప్రశ్న మానేసి "ఏం కనిపించింది? ఏం వినిపించింది? అప్పుడు నీ చేతులు ఏం చేస్తున్నాయి?" అని అడిగి చూడండి. కవితకు కావలసిన సరుకంతా ఆ జవాబుల్లో వస్తుంది.

రెండోది క్రమం. గీతల లెక్కలు, రైళ్ల టైంటేబుళ్లు, ఒకే వాక్యాన్ని ఒకే లయలో అనుకోవడం, వీటిలో వాళ్లకు దొరికే నెమ్మది మనకు అంత తేలిగ్గా తెలియదు. తెలుగులో ఇలాంటివాళ్ల కోసమే సిద్ధం చేసినట్టు ఒక వ్యవస్థ ఉంది. అదే ఛందస్సు. ఆటవెలది చూడండి. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. సూర్యగణాలు రెండే రకాలు: మూడు లఘువుల నగణం, గురువూ లఘువూ కలిసిన హగణం. ఏదైనా మూడు మాత్రలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి లేదా ప్రాసయతి. ప్రాస నియమం లేదు. మొత్తం నియమాలు అయిపోయాయి. ఎక్కడ మొదలెట్టాలి, ఎక్కడ ఆపాలి, ఎంత రాస్తే చాలు అన్న ప్రశ్నలకు జవాబు ముందే ఉంది. ఖాళీ కాగితం ముందు అటూ ఇటూ ఊగిపోయేవాడికి అది పెద్ద ఆసరా. వేమన పద్యాల పుణ్యమా అని ఆ నడక మన పిల్లల చెవుల్లో అక్షరాలు రాకముందే పడుతుంది. అర్థం తర్వాత, ముందు వల్లె వేయడం అన్న మన పాత బడి పద్ధతికి ఎన్ని లోపాలున్నా, మాటను ముక్కలుగా కాక గుత్తులుగా నేర్చుకునే ఈ పిల్లలకు అది దగ్గరిదారి. గణవిభజన ఎలాగో ఒకసారి కాగితం మీద గీసి చూపిస్తే గంటల కొద్దీ కూర్చుని చేసేవాళ్లు వీళ్లలో ఉంటారు. అందరూ కాదు. కొందరికి వచన కవితే హాయి, వాళ్లను పద్యంలోకి తోయకూడదు.

పద్యం అనగానే మన గోదావరి జిల్లాల్లో అవధానం గుర్తొస్తుంది. కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి, భీమవరం దగ్గర యండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రి, జంటగా తిరుపతి వేంకట కవులై అవధానాన్ని ఊరూరా తిప్పారు. అష్టావధానంలో ఒక మనసు ఎనిమిది వైపులకు చీలి, అన్నిటినీ ఒకేసారి పట్టుకోవాలి. పక్కనుంచి గంట కొడుతుంటే లెక్క పెట్టుకోవాలి, అప్రస్తుత ప్రసంగం చేసేవాడు అడ్డం పడుతుంటే చమత్కారంగా జవాబివ్వాలి. ఆటిజం ఉన్న మనసు సాధారణంగా దీనికి పూర్తిగా ఎదురు దారిలో నడుస్తుంది. డైనా మర్రే, ఆమె సహ రచయితలు 2005లో రాసిన వ్యాసంలో దీన్ని మోనోట్రోపిజం అన్న పేరుతో వివరించారు. ధ్యాస మొత్తం ఒక్క విషయం మీదికి ప్రవహిస్తుంది, మధ్యలో తెంపితే తట్టుకోలేదు. అవధాని గొప్పతనం చీల్చుకోవడంలో ఉంటే, వీళ్ల బలం చీలకపోవడంలో ఉంది. ఒక్క కొబ్బరాకు నీడను వారం పాటు చూడగలిగినవాడు దాని గురించి రాసే నాలుగు పాదాలకు ఆశువుగా చెప్పే చురుకు అక్కర్లేదు. నలుగురిలో చకచకా చెప్పడమే కవికి గుర్తు అన్న మన అలవాటు వల్ల ఇలాంటివాళ్లు మన కంట పడరు.

ప్రపంచం సంగతికొస్తే, ఆస్ట్రేలియా మహాకవి లెస్ మర్రే (1938–2019) తనకూ ఆటిజం లక్షణాలున్నాయని బాహాటంగా చెప్పుకున్నాడు, ఆటిజం ఉన్న తన కొడుకు గురించి కవిత రాశాడు. 1996లో టి.ఎస్. ఎలియట్ బహుమతి అందుకున్నాడు. మన దేశంలో పేరు వినిపించేది టిటో రాజర్షి ముఖోపాధ్యాయ్. బెంగాలీ కుటుంబం, మైసూరు, బెంగళూరుల్లో పెరిగాడు. మాట రాదనే చెప్పాలి. తల్లి సోమ అక్షరాల బోర్డు మీద వేలితో చూపించడం నేర్పింది, తర్వాత చేత్తో రాయడం నేర్పింది. గద్యం, పద్యం కలిసిన అతని తొలి పుస్తకాన్ని 2000లో బ్రిటన్ నేషనల్ ఆటిస్టిక్ సొసైటీ ప్రచురించింది. అప్పటికి అతను ఇంకా చిన్న కుర్రవాడే.

ఈ చోట తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక తప్పదు. మాట రాని పిల్లల చెయ్యి పట్టుకుని, లేదా బోర్డు తామే ఎత్తి పట్టుకుని, "మీవాడు కవితలు రాస్తున్నాడు" అని చూపించే పద్ధతులు కొన్ని ఉన్నాయి. 1990ల్లో వీటిలో ఒకదాన్ని పరీక్షించారు. పిల్లవాడికి ఒక బొమ్మ, చెయ్యి పట్టుకున్నవారికి ఇంకో బొమ్మ, ఒకరిది ఒకరికి కనబడకుండా చూపించారు. టైపయింది చెయ్యి పట్టుకున్నవారు చూసిన బొమ్మ పేరు. వాళ్లు మోసగాళ్లు కారు, తమ చెయ్యే నడిపిస్తోందని వాళ్లకూ తెలియదు. అమెరికాలోని స్పీచ్ థెరపిస్టుల సంఘం 2018లో ఈ పద్ధతినీ, సోమ ముఖోపాధ్యాయ్ రూపొందించిన పద్ధతినీ కూడా వాడవద్దని ప్రకటించింది. టిటో విషయంలో అతను ఎవరూ ముట్టుకోకుండా రాస్తాడన్నది గుర్తుంచుకోవాలి. అందుకే మీ పిల్లల విషయంలో మొదటి గురి అదే కావాలి: ఎవరి చెయ్యీ తగలకుండా, ఎవరూ బోర్డు పట్టుకోకుండా, రెండే రెండు మాటలైనా వాళ్లంతట వాళ్లు చెప్పడం. ఆ రెండు మాటలు, ఎవరో రాసిచ్చిన ఇరవై పాదాల కన్నా విలువైనవి.

తెలుగు లిపి గురించి కూడా ఒక మాట. వత్తులు, గుణింతాలు చేత్తో గుండ్రంగా దిద్దడం వీళ్లలో చాలామందికి నరకం, వేళ్లు మాట వినవు. దస్తూరీ బాగాలేదని భాషే రాదనుకోవద్దు. ఫోన్లో తెలుగు కీబోర్డు ఇవ్వండి. బొమ్మలు నొక్కితే మాటలు పలికే అవాజ్ లాంటి యాప్‌ మన పొరుగున చెన్నైలోనే తయారైంది. అంతకన్నా ముందు చేయదగ్గ పని, పైసా ఖర్చు లేనిది, ఒక నోట్‌బుక్. పిల్లవాడు తిప్పి తిప్పి అనే ప్రతి మాటనూ దిద్దకుండా అన్నది అన్నట్టే రాసి, పక్కన తేదీ, అప్పుడు ఎదురుగా ఏముందో రాయండి. కొన్ని నెలలకు అది వాడి నిఘంటువు అవుతుంది. రాసే వయసు వచ్చాక వాడు తీసుకునేదీ అందులోంచే.

పాత కవుల్లో ఫలానా వారికి ఆటిజం ఉండి ఉంటుందని ఊహించి సంబరపడేవాళ్లున్నారు. ఆ పని వల్ల చచ్చిపోయినవారికి లాభం లేదు, బతికున్నవారికీ లేదు. ఇప్పుడు మన కాకినాడలో, అమలాపురంలో, తణుకులో రాస్తున్నవారికి చోటివ్వడం మనం చేయగలిగింది. కవిసమ్మేళనాలు నిర్వహించే పెద్దలను నేను కోరేది ఇదీ. మైకు ముందుకు రాలేనివారి కవితను వేరొకరు చదవనివ్వండి, లేదా రికార్డు చేసి పంపనివ్వండి. చప్పట్ల హోరు కొందరికి దెబ్బలా తగులుతుంది, చేతులు పైకెత్తి ఊపితే చాలు. శాలువా మీద పడగానే ఉలిక్కిపడేవాళ్లుంటారు, కప్పకుండా చేతికివ్వండి, ముందుగా అడగండి. పత్రికా సంపాదకులకు మనవి: "ఆటిజం ఉన్నా అద్భుతం" అన్న శీర్షికతో ఫొటో వేసి కవితను మూలన పడేయకండి. బాగుంటే అందరి కవితల మధ్యనే వేయండి. బాగా లేకపోతే మిగతావారికి తిప్పి పంపినట్టే కారణం రాసి తిప్పి పంపండి.